పలక మీద రాశాం, పలకను చదవలేదు



పది రోజులుగా మన గ్రూపుల్లో ఒకటే వీడియో తిరుగుతోంది. చైనాలో జాంగ్యే అనే చోట రంగురంగుల కొండలు. ఎరుపు, పసుపు, బూడిద రంగు చారలతో కొండకి చీర కట్టినట్టే ఉంది. నాకు పంపింది మా అక్క కొడుకు. కింద ఒక మాట కూడా రాశాడు: "దేవుడు వాళ్లకి ఇట్టాంటి కొండలిచ్చాడు మామా, మనకేమో ఈ ఎండు గుట్టలిచ్చాడు."

వాడికి జవాబు చెప్పడం మొదలుపెడితే అది పెద్దదైపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇది వాడొక్కడి మాట కాదు కదా. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా మనందరి నోటా వచ్చే మాటే. రాళ్లసీమ, గుట్టల సీమ, ఏమీ లేని సీమ అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

నేను చెప్పేది ఒక్కటే. మన రాయి కూడా వింత రాయే. చైనా కొండల్ని ఆ వంపున నిలబెట్టింది ఏదో, మన చేల కింద ఉన్నదీ అదే. తేడా ఏంటంటే, వాళ్లకి అది చూడటానికి పనికొస్తోంది, మనకి అది నీళ్ల సంగతి, అప్పుల సంగతి. అయినా మనం దాన్ని తెలుసుకోలేదు. తెలుసుకోకపోవడం వల్ల ఎంత పోయిందో ముందు నా సంగతే చెబుతాను.

మా నాయన కాలంలో తవ్విన దిగుడు బావి ఒకటి ఉంది మా చేలో. ఇప్పుడు అందులో పావురాలు తప్ప ఏమీ లేవు. చిన్నప్పుడు అందులో దిగి ఈత కొట్టినోళ్లం. ఆ బావిలో ఒక విచిత్రం ఉండేది. ఊటంతా పడమటి గోడ నుంచే వచ్చేది. తూర్పు గోడ ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా పొడిగా ఉండేది. ఇంకోటి, నాలుగైదేళ్లకోసారి పడమటి గోడే జారి బావిలో పడేది. పెద్ద పెద్ద పలకలు, తలుపు చెక్కల్లాంటివి. వాటిని పైకి తీయడానికి కూలోళ్లతో పాటు మేమూ దిగేవాళ్లం. తూర్పు గోడ మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. "ఆ గోడ మంచి గోడ, ఈ గోడ పాడు గోడ" అనేవాడు మా నాయన. అంతకుమించి మేమెవరం ఆలోచించలేదు.

తర్వాత బోర్ల కాలం వచ్చింది. మా చేను మధ్యలో చిన్న వాగు పోతుంది. నేను వాగుకి పడమర పక్క బోరు వేయించాను. ఎందుకక్కడ అంటే, బోరు బండి తిరగడానికి వీలుగా దారి అటే ఉంది. 720 అడుగులు దించాం. దుమ్ము, దుమ్ము, దుమ్ము. తడి కూడా తగల్లేదు. ఆ రాత్రి బండోళ్లకి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు మా ఆవిడ మొహం చూడలేకపోయాను. మరుసటేడు వాగుకి తూర్పున మా పక్క చేనాయన వేయించాడు. 240 అడుగులకే గ్యాప్ తగిలింది, రెండించుల నీళ్లు. ఇద్దరి బోర్ల మధ్య దూరం గట్టిగా రెండు వందల గజాలు కూడా లేదు. "వాడి అదృష్టం, నా ఖర్మ" అనుకున్నా. మీరు కూడా ఇట్టాంటప్పుడు అదే అనుకుని ఉంటారు.

ఖర్మ కాదని నాకు తెలిసింది చాలా తర్వాత. పాడుబడ్డ పలక గని ఒకదాని అంచున నిలబడి కిందికి చూస్తున్నా. గని గోడ మీద రాయి మొత్తం తూర్పుకి వాలి ఉంది. దొంతర పేర్చిన పలకల్ని ఎవరో చేత్తో నెట్టినట్టు. అప్పుడు మా నాయన బావి గుర్తొచ్చింది. రాయి తూర్పుకి వాలి ఉంటే, పడమట కురిసిన వాన పలకల సందుల్లో దిగి, వాలు వెంట జారి, బావి పడమటి గోడలో బయటపడుతుంది. ఆ గోడలో పలకలు బావిలోకే వాలి ఉంటాయి కాబట్టి అవే జారి పడతాయి. తూర్పు గోడలో పలకలు బావికి వీపు తిప్పి ఉంటాయి, నీళ్లూ రావు, రాళ్లూ పడవు. వాగు నీళ్లు కూడా అంతే. పలకల సందుల్లో దిగి తూర్పుకే పోతాయి. నేను పడమట బోరు వేసి వాగు నీళ్ల కోసం ఎదురు చూశాను. మా నాయన బావి ముప్పై ఏళ్ల పాటు చెబుతున్న సంగతి అది. మాకు వినపడలేదు.

ఇప్పుడు ఈ రాయి ఎట్టా వచ్చిందో చెబుతా. అది తెలిస్తేనే మిగతాది తలకెక్కుతుంది.

మనం నిలబడ్డ చోటు ఒకప్పుడు సముద్రం అడుగు. ఆ సముద్రంలో బురద, ఇసుక పొరలు పొరలుగా పడ్డాయి. కడప, కర్నూలు, మన పడమటి ప్రకాశం, నల్లమల అంతా కలిపి నెలవంక ఆకారంలో ఉన్న ఆ పాత సముద్రపు పళ్లేన్ని భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అంటారు. 1872లో విలియం కింగ్ అనే ఆయన ఈ రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. అప్పటి నుంచీ శాస్త్రవేత్తల పుస్తకాల్లో మన పలకరాళ్ల పొరల పేరు "కంభం". వాటి జోడుగా ఉండే గట్టి బండల పేరు నల్లమలలోని "బైరెన్‌కొండ". ప్రపంచంలో ఎక్కడ కూర్చుని ఈ రాళ్ల గురించి చదివినా కంభం పేరు పలకాల్సిందే.

వయసెంతంటారా? గిద్దలూరు నుంచి నంద్యాల పోయే రైలు దారిలో చెలమ స్టేషన్ ఉంది కదా, ఆ దగ్గర్లో ఈ పొరల్ని చీల్చుకుని లోపలి నుంచి పైకొచ్చిన వేరే రకం రాయి ఉంది. దాని వయసు 140 కోట్ల ఏళ్లు అని లెక్కగట్టారు. చాలు వేశాకే కదా నేల తెగేది, అంటే చాలు కన్నా నేల పాతది. అట్టాగే ఆ రాయి చీల్చిన మన పొరలు 140 కోట్ల ఏళ్ల కన్నా పాతవి. (ఆ చెలమ రాయిలో సన్న వజ్రాలు కనిపించాయన్నది నిజమే. దాని కోసం పార పలుగు తీసుకుని బయల్దేరబాకండి. అది అడవి.)

ఆ బురద ఇసుక పొరల మీద తర్వాత తూర్పు నుంచి పడమరకి గట్టి ఒత్తిడి పడింది. మిరప కల్లంలో పరిచిన బరకాన్ని ఒక చివర నుంచి నెడితే ఎట్టా ముడతలు పడుతుందో, నేల అట్టా ముడతలు పడింది. ఆ ముడతలే నల్లమల. నమ్మకపోతే ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు తెరిచి గిద్దలూరుకీ నంద్యాలకీ మధ్య చూడండి. ఉత్తర దక్షిణాలుగా కొండలు వంకీలు తిరిగి, బరకం ముడతల్లాగే కనిపిస్తాయి. రైల్లో పోయేటప్పుడు దిగువమెట్ట దాటాక కిటికీ పక్కన కూర్చోండి. కొండ కోసిన చోట రాతి పొరలు ఏటవాలుగా కనిపిస్తాయి.

ఆ ఒత్తిడికి ఇసుక పొరలు ఉక్కులాంటి బండగా మారాయి. అవి అరగవు, అందుకే కొండలుగా నిలబడ్డాయి. బురద పొరలు పలకరాయి అయ్యాయి. గడ్డివామి మీదెక్కి తొక్కితే పరకలన్నీ ఒకే వైపుకి పడుకుంటాయి కదా, బురదలోని సన్న రేకులన్నీ అట్టా ఒకే వైపుకి పడుకున్నాయి. అందుకే మార్కాపురం రాయి ఉలి పెట్టి తడితే కాగితాల్లా విడిపోతుంది. ఇది మెత్తటిది, త్వరగా అరుగుతుంది. అందుకే పలకరాయి ఉన్నచోట లోయలు, ఆ లోయల్లో మన ఊళ్లు, మన చేలు.

మనలో నలభై దాటినోళ్లందరం ఓనమాలు దిద్దింది ఈ రాతి మీదే. మనమే కాదు, దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మార్కాపురం పలక మీద దిద్దారు. తర్వాత నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ పని తగ్గింది. రంగు రంగుల పలకరాయి ఇప్పుడు గోడలకి, నేలకి, కప్పులకి విదేశాలకి పోతోంది. పలక మీద రాయడం మనకి వచ్చింది. పలకను కోసి అమ్మడం వచ్చింది. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకోవడం కూడా వచ్చింది. పలకను చదవడం మాత్రం రాలేదు.

ఇప్పుడు ప్రపంచం వైపు చూద్దాం. మా మేనల్లుడు పంపిన జాంగ్యే కొండలు ఏంటి? అవీ ఇసుక, బురద పొరలే. ఒత్తిడికి వాలిపోయి, గాలీ వానా అరగదీస్తే పొరల అంచులు చారలుగా బయటపడ్డాయి. 2020లో యునెస్కో వాటిని ప్రపంచ జియోపార్కుల జాబితాలో పెట్టింది.

ఆస్ట్రేలియా ఎడారి మధ్యలో ఉలురు అనే ఎర్ర బండ ఉంది. ఫొటోల్లో చూసే ఉంటారు. ఒక్కటే రాయి, కొండంత. దాని పొరలు మన పలకల కన్నా ఎక్కువగా, దాదాపు నిట్టనిలువుగా వాలి ఉంటాయి. అక్కడి ఆదివాసులు అనంగు వాళ్లు. బండ మీద పడ్డ వాన ఎటు జారి ఎక్కడ గుండంలో చేరుతుందో వాళ్లకి తెలుసు. ఎడారిలో బతికింది ఆ తెలివితోనే. 1985లో ఆ భూమి హక్కు తిరిగి వాళ్లకి ఇచ్చారు. 2019 అక్టోబర్ 26 నుంచి దాని మీదికి ఎక్కడం మానిపించారు. ప్రపంచమంతా ఫొటో తీసుకోవడానికి పోయే రాయిని, అక్కడి మనుషులు నీటి గుండంగా, దేవుడి చోటుగా చూశారు. మన నెమలిగుండ్ల రంగస్వామి దగ్గరికి పోయినోళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. గుండ్లకమ్మ నల్లమల దిగుతూ రాతిలో తొలుచుకున్న గుండం అది. నెమలి ముక్కుతో తవ్విందని మన పెద్దోళ్లు చెబుతారు. నీళ్లు, నీళ్లలో కొట్టుకొచ్చిన గులకరాళ్లు తిరిగి తిరిగి తవ్వాయని శాస్త్రం చెబుతుంది. రెండు కథలూ చెప్పేది ఒకటే: ఇక్కడ రాయి నీళ్లని పట్టుకుంది, ఈ చోటు జాగ్రత్త అని.

మనకి అన్నిటికన్నా దగ్గరి పోలిక ఇంగ్లండు పక్కన వేల్స్ దేశం. అక్కడా పలకరాయే. ఒకప్పుడు వాళ్ల పలకలే ఎన్నో దేశాల ఇళ్లకి కప్పులు. తర్వాత గిరాకీ పడిపోయి గనులు మూతబడ్డాయి, సరిగ్గా మనలాగే. డినోర్విక్ అనే పెద్ద గని 1969లో మూసేశారు. వాళ్లేం చేశారు? ఆ పలక కొండ కడుపు తొలిచి లోపల కరెంటు కేంద్రం పెట్టారు. 1984లో అది మొదలైంది. కరెంటు మిగిలినప్పుడు కింది చెరువు నీళ్లు పై చెరువుకి తోడతారు, కరవైనప్పుడు వదిలి కరెంటు తీస్తారు. గని షెడ్లలో పలక మ్యూజియం పెట్టారు. 2021లో యునెస్కో వాయువ్య వేల్స్ పలక గనుల ప్రాంతం మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుట్టలు గుట్టలుగా పోసిన పలక చెత్తతో సహా! మార్కాపురం చుట్టూ అట్టాంటి గుట్టలు మనం రోజూ చూస్తాం, మొహం తిప్పుకుని పోతాం.

"వాళ్లంటే డబ్బున్నోళ్లు, మనోళ్లకి అంత తెలివెక్కడిది" అనుకోబాకండి. మనోళ్లకి ఆ తెలివి ఆరున్నర వందల ఏళ్ల కిందటే ఉంది. రుజువు రాతి మీదే ఉంది.

గిద్దలూరు నుంచి దక్షిణంగా పోతే కడప జిల్లా పోరుమామిళ్ల. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి ఉండాల్సిన గుణాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు, అందులో చెక్కించాడు. ఆ పన్నెండులో సగం దాకా రాయి గురించే. కొండ చెరువుకి ఆనుకుని ఉండాలట. రెండు కొండల మధ్య రాతికట్ట మరీ పొడుగు కాకుండా, గట్టిగా ఉండాలట. ఆ కొండ కొసలు పండే భూమిలోకి రాకూడదట. నిడుపాటి, వంకర లేని రాళ్లు దొరికే గని దగ్గరుండాలట. నేల గట్టి మట్టిదై ఉండాలి, జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలి, పని తెలిసిన కూలీలు ఉండాలి. దోషాల్లో కట్ట నుంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, ఇంకా రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా రాశారు. ఆ చివరిది చదివితే మనకి ఈనాటి నీళ్ల తగాదాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఇక మన కంభం చెరువు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కంభం దగ్గరికొచ్చేసరికి రెండు కొండల మధ్య సందులోంచి పోతుంది. ఆ సందు చూసినోళ్లు విజయనగర కాలంలో అక్కడే 57 అడుగుల ఎత్తు కట్ట వేశారు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. కట్ట చూస్తే చిన్నది, దాని వెనక నీళ్లు చూస్తే సముద్రం. చిన్న కట్టతో అంత నీళ్లు ఎట్టా నిలిచాయి? మిగతా గోడంతా కొండే కాబట్టి. మనిషి కట్టింది ఒక తలుపు మాత్రమే, ఇల్లు ముందే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఆ చెరువు కింద పండిన అన్నం తిన్న మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

వెలిగొండ ప్రాజెక్టు కూడా అదే లెక్క. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల, ఈ మూడు గ్యాపుల్నీ కట్టలతో మూస్తే కొండలే గోడలై నల్లమల సాగర్ అవుతుంది. శ్రీశైలం నీళ్లు అందులోకి రావాలంటే నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు. శంకుస్థాపన 1996లో. ఆ ఏడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు. ఆలస్యానికి ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, ఆ రాజకీయం ఇక్కడ వద్దు. నేననేది, ఈ ప్రాజెక్టు ఆలోచన పుట్టిందే మన కొండల ఆకారంలోంచి. బరకం ముడతలు, ముడతల మధ్య సందులు. వేరే చోట ఇంత నీళ్లు ఆపాలంటే మైళ్ల కొద్దీ కట్ట పోయాలి. మన దగ్గర మూడు తలుపులు చాలు. ఎండు గుట్టలు అన్నాడు చూడండి మా మేనల్లుడు, ఆ గుట్టలే మనకున్న పెద్ద ఆస్తి.

ఇక్కడ ఒకరిద్దరు అడుగుతారని నాకు తెలుసు: "రాళ్లు చూస్తూ కూర్చుంటే కడుపు నిండుద్దా అన్నా? టూరిస్టులొస్తే మనకేంటి?" నిజమే. నేను టూరిజం కోసం రాయడం లేదు. నల్లమల పులుల అభయారణ్యం, అందులో జనం తొక్కిడి పెరగకపోవడమే మంచిది. గండికోటకి పోండి, పెన్నా నది కొండని కోసిన లోయ చూడండి, తిరుమల పోయినప్పుడు శిలాతోరణం చూసి రండి, వద్దన్లేదు. కానీ మన లాభం అది కాదు. మన లాభం బోరులో ఉంది, చెరువులో ఉంది, తాగే నీళ్లలో ఉంది. కనిగిరి వైపు గ్రానైట్ రాయి నుంచి నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగి ఎంతమంది నడుములు వంగిపోయాయో మనం చూడనిదా? రాయిని బట్టే నీళ్లు. ఏ రాతిలో ఎంత కాలం నిలిచిన నీళ్లు తాగుతున్నామో తెలియకుండా ఇంకా లోతుకి, ఇంకా లోతుకి పోవడం తెలివైన పని కాదు.

అందుకే మూడు పనులు అడుగుతున్నా.

మొదటిది, బోరుకి ముందు రాయి చూడండి. పుల్ల పట్టేవాళ్లని, కొబ్బరికాయ పట్టేవాళ్లని పిలుచుకోండి, మీ నమ్మకం మీది. దానికన్నా ముందు ఒక గంట మీ పొలం చుట్టూ తిరగండి. పాత బావి గోడ, వాగు గట్టు, రోడ్డు కోసిన చోటు, పలక గని, ఎక్కడైనా సరే కదలని రాయి బయటికి కనిపించే చోటు వెతకండి. విడిగా పడి ఉన్న రాయి వద్దు. పలక సాపు మీద చెంబెడు నీళ్లు పోయండి. నీళ్లు జారే వైపు దాని వాలు. వాలుకి అడ్డంగా పోయే గీత దాని బారు. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది, దిక్కు రాసుకోండి. మన వైపు చాలా చోట్ల బారు ఉత్తర దక్షిణాలుగా, వాలు తూర్పుకి ఉంటుంది. కానీ ముడత తిరిగిన చోట వాలు కూడా తిరుగుతుంది, కాబట్టి మీ పొలంలో మీరే చూసుకోవాలి.

వాలు తెలిస్తే లెక్క సులువు. నేల చదునుగా ఉండి, పలకలు 45 డిగ్రీలు వాలి ఉంటే, వాగు కింద దూరిన పొర వాలు వైపు ఎన్ని అడుగుల దూరం పోతే అన్ని అడుగుల లోతులో ఉంటుంది. వంద అడుగుల దూరంలో బోరు వేస్తే వంద అడుగుల దగ్గర తగలాలి. 60 డిగ్రీల వాలైతే అదే వంద అడుగుల దూరానికి 170 అడుగుల పైచిలుకు లోతు. వాలుకి ఎదురు వైపు వేస్తే ఆ పొర ఎంత లోతుకి పోయినా తగలదు. నా 720 అడుగుల కథ అదే. ఇంకోటి, పక్కాయన బోరు మీ చేనుకి బారు వెంట ఉంటే రెండు బోర్లూ ఒకే పొర నీళ్లు తాగుతాయి. ఆయన ఎండితే మీదీ ఎండుతుంది. అక్కడ పోటీకి బోరు వేసి ఇద్దరూ మునగడం కన్నా కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

ఇదే అంతిమం అనుకోబాకండి. రాతిలో అడ్డ పగుళ్లు ఉంటాయి, తెల్ల పలుగురాయి పట్టీలు అడ్డొస్తాయి, వరసగా మూడేళ్లు వాన లేకపోతే ఏ పొరలోనూ నీళ్లుండవు. అందుకే భూగర్భ జల శాఖ వాళ్ల సర్వే చేయించుకోండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకి అనుమతి ఎట్టాగూ తీసుకోవాలి. తేడా ఏంటంటే, వాలు తెలిసిన రైతు ఆ వచ్చిన సారుని నాలుగు ప్రశ్నలు అడగగలడు. తెలియని రైతు తల ఊపుతాడు.

రెండోది, కొండ సందుల జోలికి, చెరువు కట్టలు ఆనుకున్న కొండ కొసల జోలికి ఎవర్నీ పోనివ్వబాకండి. కంకరకో, గ్రావెల్‌కో, రోడ్డుకో ఏదో ఒక పేరుతో అడుగుతారు. గుట్టలో ఒక మూల పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ మూలే తలుపు చట్రం. చట్రం లేని తలుపు ఎంత గట్టిదైతే ఏం లాభం? గ్రామసభలో ఈ ప్రశ్న అడగండి, రాతపూర్వకంగా అడగండి. చెక్‌డ్యాం వచ్చినప్పుడు కూడా అంతే. ఎవరి పొలం పక్కన కడితే ఎవరికి బిల్లు అన్న లెక్క కాకుండా, పలకల అంచులు వాగులో ఎక్కడ తెరుచుకుని ఉన్నాయి, అవి ఎవరి చేల కిందికి వాలి ఉన్నాయి అని చూసి చోటు అడగండి. కట్ట అదే, ఖర్చు అదే. నీళ్లు ఇంకే చోట కట్టామా, నిలబడి ఎండిపోయే చోట కట్టామా అన్నదే తేడా.

మూడోది, పాడుబడ్డ పలక గనులు. వానలకి అవి నిండుతున్నాయి. పిల్లలు ఈతకి దిగి ప్రాణాల మీదికి తెచ్చుకునే గోతులు అవి. ముందు వాటికి కంచె వేయించమని అడుగుదాం. తర్వాత వాటిని ఇంకుడు చెరువులుగా వాడుకునే దారి చూద్దాం. గని గోడల్లో పలకల సందులన్నీ తెరిచే ఉంటాయి, నేలలోకి నీళ్లు దించడానికి అంతకన్నా పెద్ద ఇంకుడు గుంత మనం కొత్తగా తవ్వలేం. వేల్స్ వాళ్లు గనిలో కరెంటు తీశారు. మనం నాలుగు బోర్లు బతికించుకోలేమా? ఒక్కటే జాగ్రత్త, వాటిలో చెత్త, మందు డబ్బాలు పోయనివ్వకూడదు. పోస్తే ఆ విషం కూడా అదే వాలు వెంట మన బోరులోకే వస్తుంది.

మా మేనల్లుడికి ఇదంతా ఫోన్‌లో చెబితే వాడు చివర్లో ఒకటే అడిగాడు. "అయితే మామా, తాత బావిలో పడమటి గోడకి మళ్లీ నీళ్లు రావా?" వెంటనే రావు అన్నాను. వాగులో, బావికి పడమరగా, పలకల అంచులు తెరుచుకున్న చోట అడ్డుకట్ట వేయాలని ఈ ఎండాకాలం అనుకుంటున్నా. రాళ్లు కొనక్కర్లేదు. బావిలో జారి పడ్డ పలకలు గట్టున అట్టాగే ఉన్నాయి. వాడు వచ్చి సాయం చేస్తానన్నాడు.

మీరు కూడా ఈ వారం ఒక చెంబు నీళ్లు తీసుకుని పొలానికి పోండి. మీ ఊరి పేరు, పలక వాలు ఏ దిక్కుకి ఉంది, మీ బోరు లోతెంత, నీళ్లు పడ్డాయా లేదా, ఈ నాలుగు ముక్కలు కింద రాయండి. పడని బోరు సంగతి రాయడానికి సిగ్గుపడబాకండి, ముందు నాదే రాశాను కదా. వంద ఊళ్ల లెక్క ఒకచోట చేరితే దాన్ని నోటు పుస్తకంలో ఎక్కించి అందరికీ పెడతాను. రేపు ఎవరైనా బోరు బండిని పిలిచే ముందు ఒకసారి ఆ పేజీ తిరగేస్తారు.